ఎండాకాలానికి నిలిచే ఓవర్‌క్లాకింగ్: డెస్క్‌టాప్‌లో బయోస్ అమరికలు ఎలా మార్చుకోవాలి

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్, రామగుండం వైపు ఇళ్లలోనూ ఫోటో స్టూడియోల్లోనూ కనిపించే డెస్క్‌టాప్‌లలో చాలా వరకు విడిభాగాలు ఎంచుకుని దుకాణంలో బిగించి తెచ్చుకున్నవే. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేవారు, వీడియో ఎడిటింగ్ మీద బతికేవారు, ఇంజినీరింగ్ చదివే పిల్లలు కష్టపడి కూడబెట్టిన డబ్బుతో ఇలాంటి సిస్టమ్ కొంటారు. దుకాణంవాళ్లు విండోస్ వేసి ఇచ్చాక మాత్రం బయోస్‌లోకి (విండోస్ కంటే ముందే లేచి, విడిభాగాల వేగం, వోల్టేజీ వంటివి నిర్ణయించే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) ఒక్కసారి కూడా తొంగిచూడకుండానే ఏళ్లు గడిచిపోతాయి. 3200 వేగానికి డబ్బు చెల్లించిన ర్యామ్ 2133 దగ్గరే నడుస్తుంటుంది, ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజీ తీసుకుని ఊరికే వేడెక్కుతుంటుంది, ఫ్యాన్లు తిరగాల్సినప్పుడు తిరగవు.

ఈ మూడింటినీ సరిదిద్దుకుని, ఆ తర్వాతే ప్రాసెసర్‌ను కంపెనీ నిర్ణయించిన దానికంటే వేగంగా నడుపుకునే, అంటే ఓవర్‌క్లాకింగ్ చేసే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ముందుగా ఒక మాట మనసులో పెట్టుకోండి. డిసెంబరు రాత్రి చలిలో పరీక్షించి సాధించిన వేగాన్ని మన ప్రాంతంలో లెక్కలోకి తీసుకోకూడదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండల్లో మధ్యాహ్నం మూడు గంటలకు ఎడిటింగ్ ఫైల్ ఎగుమతి అవుతుండగా సిస్టమ్ ఆగిపోకుండా ఉంటేనే ఆ వేగం మీది. అందుకే వోల్టేజీ పెంచి వేగం సాధించే దారికంటే, వోల్టేజీ తగ్గించి అదే వేడిలో ఎక్కువ పని రాబట్టుకునే దారినే నేను గట్టిగా సిఫారసు చేస్తాను.

మీ సిస్టమ్ ఏం ఒప్పుకుంటుందో తెలుసుకోండి

సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని ప్రాసెసర్ పేరు, మదర్‌బోర్డు మోడల్, చిప్‌సెట్, ర్యామ్ వేగం చూసి రాసుకోండి. అందులో మెమరీ పేజీలో కనిపించే ఫ్రీక్వెన్సీ అసలు అంకెలో సగమే ఉంటుందని గమనించాలి. అక్కడ 1066 అని ఉంటే మీ ర్యామ్ 2133 దగ్గర నడుస్తోందని, 1600 అని ఉంటే 3200 దగ్గర నడుస్తోందని అర్థం.

ఇంటెల్ ప్రాసెసర్ అయితే పేరు చివర కే అక్షరం ఉండాలి, మదర్‌బోర్డు జెడ్490, జెడ్690, జెడ్790 వంటి జెడ్ శ్రేణిది కావాలి. అప్పుడే మల్టిప్లయర్ (ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గుణకం) పెంచే వీలుంటుంది. బీ560, బీ660, బీ760 బోర్డుల్లో ప్రాసెసర్ మల్టిప్లయర్ పెంచుకోలేరు గానీ ర్యామ్ వేగం పెంచుకోవచ్చు. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లు దాదాపు అన్నీ మల్టిప్లయర్‌కు తాళం లేకుండానే వస్తాయి, 5800ఎక్స్3డీ వంటి కొన్నింటికి మాత్రం మినహాయింపు ఉంది. అయితే బోర్డు బీ450, బీ550, ఎక్స్570, బీ650 వంటిదై ఉండాలి. ఏ320, ఏ520 బోర్డుల్లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ కుదరదు. పెద్ద కంపెనీలు బిగించి అమ్మే ఆఫీసు డెస్క్‌టాప్‌లలో ఈ అమరికలు సాధారణంగా కనిపించవు. అలాంటి సిస్టమ్‌లో ర్యామ్ రెండు స్టిక్‌లుగా ఉందో లేదో చూసుకుని, దుమ్ము దులిపి, ప్రాసెసర్‌కు, కూలర్‌కు మధ్య పూసే థర్మల్ పేస్ట్ మార్చుకుంటే అదే మీకు దక్కే లాభం.

ఓవర్‌క్లాకింగ్ వల్ల జరిగిన నష్టం వారంటీ కిందకు రాదని ఇంటెల్, ఏఎండీ రెండూ స్పష్టంగానే చెబుతున్నాయి. ఇది తెలిసి ముందుకు వెళ్లండి.

బయోస్ ముట్టుకోకముందే వేడి, కరెంటు సంగతి

గది ఉష్ణోగ్రత ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ ఉష్ణోగ్రత కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. డిసెంబరులో గది 22 డిగ్రీలుండగా పూర్తి లోడ్ మీద 70 డిగ్రీలు చూపిన ప్రాసెసర్, మే నెలలో గది 38 డిగ్రీలకు చేరితే దాదాపు 86 చూపుతుంది. రైజెన్ 5 5600కు ఏఎండీ నిర్దేశించిన గరిష్ఠ ఉష్ణోగ్రత 90 డిగ్రీలు. అంటే చలికాలంలో ఎంతో చల్లగా ఉన్నట్టు కనిపించిన సిస్టమ్ వేసవిలో అంచు మీద నిలబడుతుందన్నమాట. ఓవర్‌క్లాకింగ్ చేసే ముందు ఈ కూడిక మీ గదికి, మీ ప్రాసెసర్‌కు వేసి చూసుకోండి.

ఆ తర్వాత క్యాబినెట్ పక్క పలక తీసి చూడండి. ఎనుమాముల మార్కెట్ పరిసరాల్లోనో జిన్నింగ్ మిల్లుల దగ్గర్లోనో ఉండేవారికి పత్తి నూగు ఎక్కడెక్కడికి చేరుతుందో చెప్పనక్కర్లేదు. ముందు జాలీ మీద అది సన్నని తెల్లటి పొరలా పరుచుకుంటుంది, దాని మీద దుమ్ము పేరుకుంటుంది, చివరికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరిగినా లోపలికి గాలి రాదు. కరీంనగర్ వైపు గ్రానైట్ పొడి నూగులా జాలీ దగ్గర ఆగిపోదు, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య దూరి కూర్చుంటుంది. ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకుని మెత్తటి బ్రష్‌తో గానీ బ్లోయర్‌తో గానీ శుభ్రం చేయండి. పట్టుకోకుండా బ్లోయర్ పెడితే ఫ్యాన్ విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడయ్యే ప్రమాదం ఉంది. రెండు మూడేళ్లు దాటిన సిస్టమ్ అయితే థర్మల్ పేస్ట్ కూడా మార్చండి.

ఇంట్లో నీళ్ల కూలర్ ఉన్నవారు ఒక విషయంలో జాగ్రత్త పడాలి. కూలర్ వల్ల గది చల్లబడటం సిస్టమ్‌కు మంచిదే, అయితే దాని గాలి నేరుగా క్యాబినెట్ మీదికి కొట్టేలా పెట్టకండి. తేమతోపాటు సన్నటి నీటి తుంపరలు కూడా ఆ గాలిలో వస్తాయి. క్యాబినెట్‌ను పక్కకు జరిపి, వెనుక గోడకు కనీసం జానెడు ఖాళీ వదలండి.

కరెంటు విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. విడిభాగాలకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ మంచి పేరున్నదై, మీ గ్రాఫిక్ కార్డుకు, ప్రాసెసర్‌కు కలిపి సరిపోయేదై ఉండాలి; క్యాబినెట్‌తోపాటు ఉచితంగా వచ్చిన ఎస్ఎంపీఎస్ మీద ఓవర్‌క్లాకింగ్ మొదలుపెట్టవద్దు. వట్టి చేత్తో క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకున్నప్పుడు జివ్వుమంటే మీ ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా లేదని అర్థం. మొదట ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అది బాగుచేయించుకోండి. యూపీఎస్ లేకుండా బయోస్ అప్‌డేట్ జోలికి వెళ్లకూడదు. మామూలుగా ఇళ్లలో కనిపించే 600 వీఏ యూపీఎస్ 360 వాట్ల వరకే మోయగలదు కాబట్టి, గ్రాఫిక్ కార్డు ఉన్న సిస్టమ్‌ను పూర్తి లోడ్‌తో పరీక్షిస్తున్నప్పుడు కరెంటు పోతే అది కూడా చేతులెత్తేయవచ్చు.

ఇప్పుడున్న స్థితిని కొలవండి

ఉష్ణోగ్రతలు, వాట్లు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో64 తెరిచి ఉంచి, ప్రాసెసర్ వేగాన్ని కొలిచే సినీబెంచ్ ఆర్23ని పది నిమిషాల పరీక్షగా నడపండి. ఒక నోట్‌బుక్‌లో తేదీ, గది ఉష్ణోగ్రత, స్కోరు, ప్రాసెసర్ గరిష్ఠ ఉష్ణోగ్రత, ఎన్ని వాట్లు వాడింది, కోర్లు ఎంత మెగాహెర్ట్జ్ దగ్గర నిలకడగా నడిచాయి అన్నవి రాసుకోండి. గది ఉష్ణోగ్రత రాయని కొలత వేసవి వచ్చేసరికి పనికిరాదు. మీరు రోజూ చేసే పనితోనూ ఒక కొలత తీసుకోండి. ఆల్బమ్ డిజైనర్ అయితే ఒక పూర్తి ఆల్బమ్ ఎగుమతికి పట్టే సమయం, వీడియో ఎడిటర్ అయితే ఒకే ప్రాజెక్టు రెండరింగ్ సమయం. బెంచ్‌మార్క్ స్కోరు పెరిగి ఈ సమయం తగ్గకపోతే మీరు చేసిన మార్పుతో మీకు ప్రయోజనం లేనట్టే.

ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. విండోస్ 11లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉంటే రికవరీ కీని మీ మైక్రోసాఫ్ట్ ఖాతా నుంచి తీసి కాగితం మీద రాసుకోండి, బయోస్ పని పూర్తయ్యేదాకా దాన్ని తాత్కాలికంగా నిలిపి ఉంచండి. బయోస్ అప్‌డేట్ అయినా, సెక్యూర్ బూట్ లేదా టీపీఎం (కీలను దాచే భద్రతా చిప్) అమరిక మారినా విండోస్ ఆ 48 అంకెల కీని అడగవచ్చు. అది లేకపోతే మీ డిస్కు మీకే తెరుచుకోదు.

బయోస్‌లోకి వెళ్లడం, అప్‌డేట్ చేయడం

సిస్టమ్ ఆన్ చేయగానే డిలీట్ కీని వరుసగా నొక్కుతూ ఉండండి. కొన్ని బోర్డుల్లో ఎఫ్2 పనిచేస్తుంది. మొదట సులభ పేజీ తెరుచుకుంటుంది. అసూస్, ఎంఎస్ఐ బోర్డుల్లో ఎఫ్7, గిగాబైట్‌లో ఎఫ్2, అస్‌రాక్‌లో ఎఫ్6 నొక్కితే అడ్వాన్స్‌డ్ పేజీకి వెళ్తారు. ఓవర్‌క్లాకింగ్ విభాగాన్ని అసూస్ ఏఐ ట్వీకర్ అని, ఎంఎస్ఐ ఓసీ అని, గిగాబైట్ ట్వీకర్ అని, అస్‌రాక్ ఓసీ ట్వీకర్ అని పిలుస్తాయి. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ పెట్టి ఎఫ్12 నొక్కితే ఆ పేజీ బొమ్మ అందులో భద్రమవుతుంది. ఏ మార్పూ చేయకముందే ప్రతి పేజీనీ ఇలా తీసి పెట్టుకోండి, లేదా ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి.

అప్‌డేట్ ఉంటే ముందు అదే చేయండి. ఫైలును మదర్‌బోర్డు కంపెనీ సైటు నుంచే, మీ బోర్డు మోడల్, రివిజన్ అంకె రెండూ సరిచూసుకుని దించుకోవాలి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు వాడేవారికి ఇది తప్పనిసరి. వాటిలో ఎక్కువ వోల్టేజీ కోరడం వల్ల ప్రాసెసర్ క్రమంగా దెబ్బతినే సమస్య ఉందని తేలాక ఇంటెల్ 2024లో బయోస్ ద్వారా వచ్చే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాలు) సవరణలు విడుదల చేసింది. అవి ఇకముందు నష్టం జరగకుండా కాపాడతాయే తప్ప, జరిగిన నష్టాన్ని పూడ్చవు. ఏఎండీ ఏఎం5 (రైజెన్ 7000 నుంచి వాడుతున్న సాకెట్) బోర్డుల విషయంలోనూ 2023లో కొన్ని ప్రాసెసర్లు కాలిపోయిన తర్వాత, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ వంటి భాగాలకు అందే ఎస్ఓసీ వోల్టేజీ 1.3 దాటకుండా కొత్త బయోస్‌లలో కట్టడి చేశారు. పాత బయోస్ మీద ఉన్నవారు కొత్తది వేసుకోకుండా ర్యామ్ ప్రొఫైల్ ఆన్ చేయవద్దు.

అప్‌డేట్ పూర్తయితే పాత అమరికలన్నీ చెరిగిపోతాయి. మీరు తీసిపెట్టుకున్న ఫోటోలు అక్కడ అక్కరకొస్తాయి. డిస్కులు పనిచేసే తీరును నిర్ణయించే శాటా లేదా ఆర్‌ఎస్‌టీ విధానం ముందు ఎలా ఉందో అలాగే పెట్టండి. అది మారితే విండోస్ లేవదు.

ర్యామ్: అందరికీ దక్కే లాభం

నన్నడిగితే, వెచ్చించే శ్రమకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. ర్యామ్ పెట్టె మీద 3200 అని రాసి ఉన్నా, చాలా గేమింగ్ ర్యామ్‌లు ప్రొఫైల్ ఆన్ చేయనంతవరకు 2133, 2400 లేదా 2666 వేగంతోనే మొదలవుతాయి. డీడీఆర్4లో ఒక్కో ఛానెల్‌కు 2133 దగ్గర సెకనుకు సుమారు 17 గిగాబైట్లు, 3200 దగ్గర 25.6 గిగాబైట్లు ప్రవహించగలవు. ఒకే స్టిక్ ఉంటే ఒకే ఛానెల్, రెండుంటే రెండు. అందుకే 16 జీబీ ఒక్క స్టిక్ కంటే 8 జీబీవి రెండు పెట్టుకోవడం మేలు. వాటిని ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. దుకాణంలో హడావిడిగా పక్కపక్కనే గుచ్చి ఇచ్చిన సిస్టమ్‌లు కనిపిస్తూనే ఉంటాయి. రెండు స్లాట్లే ఉన్న చిన్న బోర్డుల్లో ఈ బెంగ లేదు.

బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్ కంపెనీ ముందే అందులో నింపి ఇచ్చిన వేగపు ప్రొఫైల్) అనే అమరికను ఆన్ చేసి మొదటి ప్రొఫైల్ ఎంచుకోండి. అసూస్ ఏఎండీ బోర్డుల్లో దీన్నే డీఓసీపీ అంటారు, రైజెన్ 7000 నుంచి ఎక్స్‌పో అనే పేరు కూడా కనిపిస్తుంది. ఆన్ చేయగానే వేగం, టైమింగులు, వోల్టేజీ మూడూ ఒకేసారి మారతాయి. డీడీఆర్4 సాధారణ వోల్టేజీ 1.2, 3200, 3600 ప్రొఫైళ్లు ఎక్కువగా 1.35 అడుగుతాయి, అది మామూలే. ఎఫ్10 నొక్కి భద్రపరిచి బయటికి రండి. తెర కాసేపు నల్లగా ఉండి, సిస్టమ్ ఒకటి రెండుసార్లు తనంత తానే ఆగి మొదలైతే కంగారుపడకండి. డీడీఆర్5 ఉన్న ఏఎం5 బోర్డుల్లో తొలిసారి ఇందుకు నిమిషాలే పట్టవచ్చు. ఆ సమయంలో పవర్ బటన్ నొక్కి ఆపేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు.

కొనేటప్పుడు వేగం అంకె ఒక్కటే చూస్తే సరిపోదు, ర్యామ్ స్పందించడానికి ఎన్ని క్లాకులు తీసుకుంటుందో చెప్పే సీఎల్ అంకె కూడా చూడాలి. సీఎల్‌ను 2000తో గుణించి వేగంతో భాగిస్తే జాప్యం నానోసెకన్లలో వస్తుంది. 3200 వేగం, సీఎల్16 అయితే 10 నానోసెకన్లు. అదే 3200 వేగం, సీఎల్22 అయితే 13.75. రైజెన్ 5000 శ్రేణికి 3600 వేగం చక్కగా కుదురుతుంది. ఎందుకంటే అప్పుడు ర్యామ్ క్లాక్, ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ క్లాక్ రెండూ 1800 దగ్గర జతగా నడుస్తాయి. 3600 నిలకడగా లేకపోతే 3466కో 3333కో దిగండి, తేడా మీ పనిలో తెలియనంత తక్కువ. గ్రాఫిక్ కార్డు లేకుండా 5600జీ వంటి ప్రాసెసర్ మీదే నడిపేవారికి మాత్రం ర్యామ్ వేగం ఇంకా ఎక్కువ ముఖ్యం, ఎందుకంటే లోపలి గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటాయి.

ఎడిటింగ్ కోసం నాలుగు స్లాట్లూ నింపుకునేవారు ఒకటి గమనించాలి. రైజెన్ 7000కు రెండు స్టిక్‌లైతే 5200 వేగం అని చెప్పిన ఏఎండీ, నాలుగు స్టిక్‌లకు 3600 మాత్రమే అని చెబుతోంది. 64 జీబీ కావాలంటే 16 జీబీవి నాలుగు కాకుండా 32 జీబీవి రెండు కొనడం తెలివైన పని.

ఆ తర్వాత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ మీద వేసి, దాని నుంచి బూట్ చేసి నాలుగు విడతలు నడపండి. రాత్రి పడుకునేముందు పెట్టి పొద్దున చూసుకోవచ్చు. ఒక్క తప్పు చూపినా ఆ అమరిక పనికిరాదు. ర్యామ్ తప్పు విండోస్‌ను వెంటనే ఆపకపోవచ్చు, మీకు తెలియకుండా ఒక ఫోటోను, ఒక లెక్కల పట్టికను పాడుచేసి భద్రపరుస్తుంది. పెళ్లివారి ఫోటోలు మీ చేతిలో ఉన్నప్పుడు ఆ నష్టం ఎంతటిదో ఊహించుకోండి.

ఫ్యాన్లు

బయోస్ ఫ్యాన్ల పేజీలో వేగాన్ని నియంత్రించడానికి నాలుగు పిన్నుల ఫ్యాన్లకు పీడబ్ల్యూఎం, మూడు పిన్నులవాటికి డీసీ విధానం ఎంచుకోండి. 40 డిగ్రీల దగ్గర 30 శాతం, 60 దగ్గర 50, 75 దగ్గర 80, 85 దగ్గర 100 శాతం అనే గీతతో మొదలుపెట్టి మీ చెవికి, మీ గదికి తగ్గట్టు సర్దుకోవచ్చు. ముందు ఫ్యాన్ గాలి లోపలికి, వెనుక ఫ్యాన్ బయటికి కొట్టేలా ఉన్నాయో లేదో ఒక కాగితం ముక్క పెట్టి చూడండి.

ప్రాసెసర్: ఏఎండీ దారి

రైజెన్ 5 5600, బీ550 బోర్డు జతను ఉదాహరణగా తీసుకుందాం. మల్టిప్లయర్‌ను ఒకే అంకె దగ్గర బిగించేసి వోల్టేజీ పెంచే పాత పద్ధతి ఇక్కడ లాభసాటి కాదు. అలా చేస్తే అన్ని కోర్ల వేగం కొంత పెరిగినా, ఒకే కోర్ మీద పనిచేసేటప్పుడు ప్రాసెసర్ తనంత తాను అందుకునే 4.4 గిగాహెర్ట్జ్ వేగాన్ని పోగొట్టుకునే అవకాశం ఉంది. బదులుగా అడ్వాన్స్‌డ్ విభాగంలో ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ పేజీకి వెళ్లి, హెచ్చరికను చదివి ఒప్పుకుని, ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ (ప్రాసెసర్ తనంత తాను వేగం పెంచుకునే హద్దులను మార్చే అమరిక)ను అడ్వాన్స్‌డ్‌గా మార్చండి. అందులో వోల్టేజీని సర్దే కర్వ్ ఆప్టిమైజర్ తెరిచి, అన్ని కోర్లకు నెగటివ్ గుర్తు ఎంచుకుని 10 అని ఇవ్వండి.

ఈ అంకెలో ఒక్కో మెట్టు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టుల తగ్గుదల. ప్రాసెసర్ వాడే విద్యుత్తు వోల్టేజీ వర్గానికి అనులోమంగా ఉంటుంది కాబట్టి, 1.35 వోల్టుల నుంచి 1.25కు దిగితే అదే వేగం దగ్గర దాదాపు 14 శాతం వేడి తగ్గుతుంది. ఆ మిగిలిన వెసులుబాటును ప్రాసెసర్ ఇంకాస్త వేగంగా నడవడానికి తానే వాడుకుంటుంది. 5600కు సహజ పరిమితులు పీపీటీ (ప్రాసెసర్ వాడగల మొత్తం విద్యుత్తు) 76 వాట్లు, టీడీసీ (నిలకడగా తీసుకోగల కరెంటు) 60 ఆంపియర్లు, ఈడీసీ (క్షణకాలం తీసుకోగల కరెంటు) 90 ఆంపియర్లు. మొదట వీటినే మాన్యువల్‌గా ఇచ్చి అలాగే ఉంచండి. పరిమితి పెంచకుండానే సినీబెంచ్ స్కోరు పెరిగి, ఉష్ణోగ్రత పెరగకపోవడం మీ నోట్‌బుక్‌లో కనిపిస్తుంది. అదే పేజీలో థర్మల్ లిమిట్ 85 అని పెట్టండి.

10 నిలకడగా ఉంటే 15కు, తర్వాత 20కి వెళ్లండి. గరిష్ఠం 30 వరకు ఉన్నా అన్ని కోర్లూ అంత దూరం రావు. కర్వ్ ఆప్టిమైజర్ హద్దు దాటినప్పుడు సిస్టమ్ పూర్తి లోడ్ మీద ఆగదు, ఎక్కువగా ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడో బ్రౌజర్ తెరిచినప్పుడో ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది. ఎందుకంటే తేలిక పనిలోనే ఒక కోర్ గరిష్ఠ వేగానికి ఎగబాకుతుంది. కాబట్టి సినీబెంచ్ పూర్తయింది గదా అని సంబరపడకూడదు. కోర్‌సైక్లర్ అనే ఉచిత సాధనం ఒక్కో కోర్‌ను విడిగా పరీక్షిస్తుంది, దాన్ని రాత్రంతా నడపండి. తప్పు చూపిన కోర్‌కు మాత్రం అంకెను 5 తగ్గించి, మిగతావాటిని అలాగే వదిలేయవచ్చు. అన్నిటికంటే ఎక్కువ వేగం అందుకునే మేలైన కోర్లే తక్కువ నెగటివ్‌ను ఓర్చుకోవడం తరచుగా చూస్తాం.

ప్రాసెసర్: ఇంటెల్ దారి

ఐ5-12400 వంటి కే లేని ప్రాసెసర్ అయితే మీ చేతిలో ఉన్నది విద్యుత్ పరిమితులే. దీనికి ఇంటెల్ చెప్పిన దీర్ఘకాల పరిమితి 65 వాట్లు, స్వల్పకాల పరిమితి 117 వాట్లు. చాలా బోర్డులు ఈ పరిమితులను ఎత్తేసి 4096 అనే అంకె పెడతాయి, అంటే హద్దు లేదని. ఎంఎస్ఐ బోర్డులు తొలిసారి ఏ కూలర్ ఉందని అడిగేది కూడా ఇందుకే. పెట్టెలో వచ్చిన చిన్న కూలర్‌తో నడిపేవారు వాటర్ కూలర్ అని ఎంచుకోకండి. మంచి టవర్ కూలర్ ఉంటే దీర్ఘకాల పరిమితిని 65 నుంచి 90కి పెంచి ఉష్ణోగ్రత చూసుకోండి. పొడవైన రెండరింగ్ పనుల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

కే ప్రాసెసర్, జెడ్ బోర్డు ఉన్నవారికి మల్టిప్లయర్ అందుబాటులో ఉంటుంది. 100 మెగాహెర్ట్జ్ మూల క్లాక్‌ను మల్టిప్లయర్‌తో గుణిస్తే వేగం వస్తుంది. 47 అంటే 4.7 గిగాహెర్ట్జ్. మూల క్లాక్‌ను 100 దగ్గరే వదలండి. పీ-కోర్ల (ఎక్కువ వేగంతో నడిచే ప్రధాన కోర్లు) మల్టిప్లయర్‌ను పూర్తి లోడ్‌లో ఇప్పుడు నిలుస్తున్న అంకె కంటే ఒకటి పెంచండి, పరీక్షించండి, నిలిస్తే మరొకటి. వోల్టేజీని ఒకే అంకెకు బిగించకుండా ఆఫ్‌సెట్ విధానంలో ఉంచితే పని లేనప్పుడు అది తనంతట తగ్గుతుంది. లోడ్ పడినప్పుడు వోల్టేజీ పడిపోవడాన్ని సర్దే లోడ్‌లైన్ కాలిబ్రేషన్‌ను మధ్య స్థాయికి మించి పెంచవద్దు. 13, 14 తరాల ఐ7, ఐ9లు ఉన్నవారికి నా సలహా ఒక్కటే: ఇంటెల్ సొంత పరిమితుల ప్రొఫైల్ ఎంచుకోండి, ఓవర్‌క్లాకింగ్ మానుకోండి.

నిలకడ పరీక్ష

ఒకసారికి ఒకే మార్పు. ర్యామ్, ప్రాసెసర్ రెండూ కలిపి మార్చి సిస్టమ్ ఆగిపోతే తప్పు దేనిదో కనిపెట్టలేరు. ప్రతి మార్పు తర్వాత సినీబెంచ్ అరగంట, ప్రాసెసర్ మీద గట్టి లోడ్ పెట్టి తప్పులు వెతికే ఓసీసీటీ గంట నడపండి. తుది అమరిక అనుకున్నాక వరుసగా కొన్ని గంటలు నడపండి. అది కూడా మధ్యాహ్నం, మీరు మామూలుగా పని చేసుకునే స్థితిలోనే, అంటే కిటికీలు, తలుపులు, సీలింగ్ ఫ్యాన్ ఎప్పటిలా ఉండగానే చేయాలి. ఏసీ వేసి పరీక్షించి, కరెంటు బిల్లు చూసి ఏసీ ఆపేసి పనిచేసేవారికి ఆ పరీక్ష ఏం చెబుతుంది?

పరీక్షలు నెగ్గాక కూడా విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ విభాగం తెరిచి డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ పేరుతో హార్డ్‌వేర్ తప్పులు ఏవైనా నమోదయ్యాయేమో వెతకండి. ఈవెంట్ ఐడీ దగ్గర 19 అంకె ఉంటే హార్డ్‌వేర్ తప్పు జరిగి సర్దుకుందని, 18 ఉంటే సర్దుకోలేక సిస్టమ్ పడిపోయిందని అర్థం. 19లు వస్తున్నా సిస్టమ్ నడుస్తోంది కదా అని వదిలేయవద్దు, ఒక మెట్టు వెనక్కి దిగండి.

మిగతా ఉపయోగకరమైన అమరికలు

రీసైజబుల్ బార్ (గ్రాఫిక్ కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి చేరుకునే వీలు) వల్ల కొన్ని ఆటల్లో గ్రాఫిక్ కార్డు వేగం పెరుగుతుంది. దానికోసం ఎబోవ్ 4జీ డీకోడింగ్ ఆన్ చేసి, పాత తరహా బూటింగ్ కోసం ఉండే సీఎస్ఎం ఆపాలి. విండోస్ పాత ఎంబీఆర్ డిస్కు పద్ధతిలో వేసి ఉంటే మాత్రం సీఎస్ఎం ఆపిన వెంటనే అది బూట్ కాదు, ముందే చూసుకోండి. టీపీఎంను ఆపవద్దు, విండోస్ 11కు అది అవసరం. మన దగ్గర కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయే సందర్భాలు గాలివాన రోజుల్లో మామూలే కాబట్టి, కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలనే అమరికను పవర్ ఆఫ్ దగ్గర ఉంచండి. ఆన్ దగ్గర ఉంటే కరెంటు వచ్చినప్పుడల్లా సిస్టమ్ లేచి, విండోస్ సగంలో ఉండగా మళ్లీ పడిపోతుంది.

సిస్టమ్ లేవకపోతే

చాలా బోర్డులు కొన్నిసార్లు ప్రయత్నించి తామే సురక్షిత అమరికలకు వెనక్కి వెళ్తాయి, ఆ అవకాశం ఇవ్వండి. అప్పటికీ తెర రాకపోతే ప్లగ్గు తీసేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టి మిగిలిన కరెంటును పోనివ్వండి. బోర్డు మీద సీఎల్ఆర్ సీమాస్ అనే అర్థం వచ్చే పేరున్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో పది సెకన్లు కలిపి ఉంచండి. ఆ పిన్నులు కనిపించకపోతే సీఆర్2032 అనే గుండ్రటి సెల్ తీసి ఐదు నిమిషాలాగి పెట్టండి. సిస్టమ్ వయసు నాలుగైదేళ్లు దాటి, ఆన్ చేసినప్పుడల్లా తేదీ తప్పు చూపిస్తుంటే, మీరు పెట్టిన అమరికలు చెరిగిపోవడానికి ఆ సెల్ అయిపోవడమే కారణం కావచ్చు. కొత్తది వేయండి.

రెండు ప్రొఫైళ్లు దాచుకోండి

అన్నీ కుదిరాక బయోస్‌లోనే ప్రొఫైల్‌గా భద్రపరిచి, ఒక ప్రతిని పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టుకోండి. నేను రెండు ప్రొఫైళ్లు సూచిస్తాను. ఒకటి చలికాలానిది: కర్వ్ ఆప్టిమైజర్ మీ పరీక్షల్లో నిలిచిన అంకెతో, పీపీటీ 90 నుంచి 100 వాట్ల వరకు. రెండోది వేసవిది: అదే కర్వ్, పీపీటీ 76, గది 40 డిగ్రీలకు చేరే రామగుండం వంటి చోట్ల అయితే 60. పెద్ద ప్రాసెసర్లున్నవారు ఎకో మోడ్ ఎంచుకోవచ్చు. 105 వాట్ల రైజెన్ ప్రాసెసర్‌ను అది 65 వాట్ల తరగతికి, అంటే 88 వాట్ల పీపీటీకి దింపుతుంది. ఫిబ్రవరి ఆఖరుకు ఎండ ముదరడం మొదలవుతుంది గనుక శివరాత్రి నాటికి జాలీ కడిగి, వేసవి ప్రొఫైల్ ఎక్కించి, ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఓసీసీటీ మళ్లీ గంట నడిపి ఉష్ణోగ్రతను నోట్‌బుక్‌లో రాయండి. అది 85 హద్దును తాకుతుంటే పీపీటీని మరో 5 వాట్లు తగ్గించి పరీక్షను మళ్లీ మొదలుపెట్టండి.